చర్మం ఎందుకు మండుతుంది? ఆ జవాబులో కొలువుంది!

బీజెడ్‌సీ, బయోటెక్‌, ఫార్మసీ విద్యార్థులకు ఇమ్యూన్‌ సెల్‌ సిగ్నలింగ్‌ చూపించే దారులు

పత్తి చేను గట్టు మీద, బస్టాండు వెనకాల, కాలేజీ గ్రౌండ్‌ అంచున.. జనగామలో చూసినా, మహబూబాబాద్‌లో చూసినా, భూపాలపల్లిలో చూసినా కనిపించే మొక్క ఒకటుంది. తెల్లటి చిన్న పూలు, క్యారెట్‌ ఆకులాంటి ఆకులు. వయ్యారిభామ అంటాం, కాంగ్రెస్‌ గడ్డి అని కూడా అంటాం. దాన్ని చేత్తో పీకినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. కొందరికి మాత్రం ఒకటి రెండు రోజుల తర్వాత చేతులు, మెడ, కనురెప్పలు ఎర్రబడతాయి. దురద పెడుతుంది, నీరు కారుతుంది. మొక్క ఒకటే, చేను ఒకటే. మరి ఈ తేడా ఎందుకు? ముట్టుకున్న వెంటనే రాకుండా రెండు రోజులు ఆగి ఎందుకు వచ్చింది?

మీ పాఠ్యపుస్తకంలో దీనికి జవాబు ఉంది. ‘టైప్‌-4 హైపర్‌సెన్సిటివిటీ’ అని నాలుగు లైన్లలో ఉంటుంది. పరీక్షకు బట్టీ పట్టి, తర్వాత మర్చిపోతాం. కానీ ఆ నాలుగు లైన్ల వెనకున్న సబ్జెక్టు మీద ప్రపంచంలోని పెద్ద పెద్ద మందుల కంపెనీలు పనిచేస్తున్నాయి. వాటిలో చాలావాటికి హైదరాబాద్‌లో సెంటర్లున్నాయి. జనగామలో రైలెక్కితే రెండు గంటల దూరం. బీజెడ్‌సీ చదివితే టీచర్‌ పోస్టు తప్ప దిక్కులేదనుకునే వాళ్లు ఈ సబ్జెక్టును ఒకసారి దగ్గర్నుంచి చూడాలి.

చాటింపు ఎలా సాగుతుంది?

వయ్యారిభామ మన నేల మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1950లలో పుణె దగ్గర గుర్తించారు, ఆ తర్వాత దేశమంతా పాకింది. దీనిలో పార్థెనిన్‌ అనే రసాయనం ఉంటుంది. ఇది చాలా చిన్న అణువు. విడిగా ఉంటే మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని పట్టించుకోదు. చర్మంలోని ప్రొటీన్‌కు అతుక్కుంటేనే ‘పరాయిది’గా కనిపిస్తుంది. ఇలాంటి అణువులను హాప్టెన్లు అంటారు. ఆ తర్వాత జరిగేది నాలుగు అంచెల్లో చూడండి.

ఒకటి: చర్మం పైపొరలోని కెరటినోసైట్‌ కణాలు ఇబ్బంది పడి ఐఎల్‌-1, టీఎన్‌ఎఫ్‌ లాంటి ప్రొటీన్లను విడుదల చేస్తాయి. వీటినే సైటోకైన్లు అంటారు. ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసినట్టన్నమాట. చుట్టుపక్కల కణాల్లో ఎవరికి రిసెప్టర్‌ ఉంటే వాళ్లకు ఆ మాట వినిపిస్తుంది.

రెండు: ఆ మాట విన్న డెండ్రైటిక్‌ కణాలు పరాయి పదార్థాన్ని పట్టుకుని దగ్గర్లోని లింఫ్‌ గ్రంథికి వెళ్తాయి. చర్మం పైపొరలో ఉండే ఈ రకం కణాల పేరు లాంగర్‌హాన్స్‌ కణాలు. 1868లో పాల్‌ లాంగర్‌హాన్స్‌ వీటిని కనిపెట్టేనాటికి బెర్లిన్‌లో వైద్య విద్యార్థి. అంటే ఇంచుమించు మీ వయసువాడే. అవి నరాల కణాలని అప్పట్లో ఆయన అనుకున్నాడు. ఇమ్యూన్‌ కణాలని తేలడానికి వందేళ్లకు పైనే పట్టింది.

మూడు: లింఫ్‌ గ్రంథిలో ఆ పదార్థాన్ని గుర్తుపట్టే టీ-కణాలు కొందరిలో మేల్కొని, పెరిగి, జ్ఞాపకం పెట్టుకుంటాయి. ఈ దశలో చర్మం మీద ఏమీ కనిపించదు. ఏళ్ల తరబడి ఆ గడ్డి మధ్యే పనిచేసి, ఎప్పుడో నడివయసులో ఒక్కసారిగా దద్దుర్లు వచ్చాయనే రైతులు ఉండటానికి కారణం ఇదే.

నాలుగు: మళ్లీ ఆ గడ్డి తగిలినప్పుడు జ్ఞాపకమున్న టీ-కణాలు చర్మంలోకి వచ్చి ఇంటర్‌ఫెరాన్‌-గామా, ఐఎల్‌-17 లాంటి సైటోకైన్లు వదులుతాయి. దానికి కెరటినోసైట్లు కీమోకైన్లతో బదులిస్తాయి, మరిన్ని కణాలను పిలుస్తాయి. రక్తనాళాలు వెడల్పయి నీరు బయటికి వస్తుంది. ఎరుపు, వాపు, దురద మొదలవుతాయి. కణాలు రావాలి, పిలవాలి, మళ్లీ కొన్ని రావాలి. ఆ రెండు రోజులూ ఇందుకే పడతాయి. చర్మ వైద్యులు అలర్జీ పరీక్ష కోసం వీపు మీద ప్యాచ్‌ అంటించి 48 గంటలు ఉంచడం కూడా ఈ లెక్క ప్రకారమే.

జ్ఞాపకం ఏర్పడినవాళ్లకే దద్దుర్లు వస్తాయి, మిగతావాళ్లకు రావు. మీ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికింది కదా!

జబ్బు మారితే సిగ్నల్‌ మారుతుంది

చర్మం ఎర్రబడిందంటే పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లోపల నడిచే సిగ్నల్‌ మాత్రం జబ్బుకో తీరు. కంపెనీలు వెతికేది ఈ తేడానే.

సోరియాసిస్‌: ఇక్కడ ముఖ్యపాత్ర ఐఎల్‌-23, ఐఎల్‌-17లది. డెండ్రైటిక్‌ కణాలు ఐఎల్‌-23 వదిలితే టీహెచ్‌-17 అనే టీ-కణాలు బలపడి ఐఎల్‌-17 విడుదల చేస్తాయి. దాంతో కెరటినోసైట్లు హద్దు లేకుండా పెరుగుతాయి. మామూలుగా నెల రోజులు పట్టే చర్మం మార్పిడి కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. పొలుసులు లేచేది అందుకే. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, కలిసి తింటే రాదు.

ఎగ్జిమా (అటోపిక్‌ డెర్మటైటిస్‌): ఇక్కడ ఐఎల్‌-4, ఐఎల్‌-13 ముందుంటాయి. దురదకు ఐఎల్‌-31 తోడవుతుంది.

బొల్లి: ఇంటర్‌ఫెరాన్‌-గామా సిగ్నల్‌తో సీడీ8 టీ-కణాలు రంగునిచ్చే మెలనోసైట్లను దెబ్బతీస్తాయి. ఇదీ అంటదు. పెళ్లి సంబంధాల దగ్గర మనుషుల్ని ఎంత బాధపెడుతుందో మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం.

జాక్‌, ఏటీపీ.. మన సుబ్బారావు

సైటోకైన్‌ కణం బయటే ఆగిపోతుంది. మరి లోపలున్న జన్యువుకు సంగతి చేరవేసేదెవరు? చాలా సైటోకైన్ల విషయంలో ఆ పని జాక్‌, స్టాట్‌ అనే ప్రొటీన్లది. సైటోకైన్‌ రిసెప్టర్‌కు తగలగానే లోపలివైపున్న జాక్‌ ఎంజైమ్‌ మేల్కొని స్టాట్‌కు ఫాస్ఫేట్‌ తగిలిస్తుంది. స్టాట్‌ కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను ఆన్‌ చేస్తుంది. జాక్‌లు నాలుగు: జాక్‌1, జాక్‌2, జాక్‌3, టైక్‌2. ఐఎల్‌-4, ఇంటర్‌ఫెరాన్‌-గామా, ఐఎల్‌-23 ఈ దారిలో వెళ్తాయి. ఐఎల్‌-17, టీఎన్‌ఎఫ్‌ దారులు వేరు, అవి జాక్‌ మీద ఆధారపడవు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూల్లో తడబడేది ఇక్కడే.

ఆ ఫాస్ఫేట్‌ ఏటీపీ నుంచి వస్తుంది. 1929లో హార్వర్డ్‌లో సైరస్‌ ఫిస్కేతో కలిసి ఏటీపీని కనిపెట్టిన శాస్త్రవేత్త మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్‌ లోమన్‌ కూడా విడిగా కనుగొన్నారు. బారిసిటినిబ్‌, టోఫాసిటినిబ్‌ లాంటి జాక్‌ ఇన్‌హిబిటర్‌ మందులు చేసేదల్లా ఒకటే. జాక్‌లో ఏటీపీ కూర్చోవాల్సిన చోట అవి వెళ్లి కూర్చుంటాయి. ఫాస్ఫేట్‌ అందదు, సిగ్నల్‌ ఆగిపోతుంది.

సుబ్బారావు కథ అక్కడితో అయిపోలేదు. లెడర్లీ లేబొరేటరీస్‌లో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్‌ యాసిడ్‌ వ్యతిరేక మందుల్లో అమినోప్టెరిన్‌, మెథోట్రెక్సేట్‌ ఉన్నాయి. ముందు పిల్లల బ్లడ్‌ క్యాన్సర్‌కు వాడారు. అమినోప్టెరిన్‌ వాడితే సోరియాసిస్‌ తగ్గుతోందని 1951లో అమెరికా వైద్యులు గమనించారు. మెథోట్రెక్సేట్‌ ఇప్పటికీ సోరియాసిస్‌కు డాక్టర్లు రాసే ముఖ్యమైన మందుల్లో ఒకటి. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు ఇదేదీ చూడలేదు.

ఊరి మెడికల్‌ షాపులో ఒక ట్యూబు

ఇదంతా పెద్ద ల్యాబుల గొడవ అనుకోకండి. దురద వస్తే మన దగ్గర ముందు వెళ్లేది మెడికల్‌ షాపుకే. ‘దురదకు మంచి ట్యూబు ఇవ్వన్నా’ అంటే చేతికొచ్చేది చాలాసార్లు స్టెరాయిడ్‌ కలిసిన క్రీమే. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, మందు బాగా పనిచేసిందనుకుంటారు. అసలు జరిగిందేమిటి? స్టెరాయిడ్‌ కణం లోపలికెళ్లి ఎన్‌ఎఫ్‌-కప్పా బి లాంటి సిగ్నళ్లను అణిచేసింది. చాటింపు ఆగింది కాబట్టి మంట ఆగింది. కానీ ఆ దురద తామర వల్ల వచ్చిందైతే, ఫంగస్‌ మీద పోరాడాల్సిన కణాలను కూడా నిద్రపుచ్చినట్టే. ఫంగస్‌ లోలోపల పాకుతుంది, గుర్తుపట్టలేని రూపంలోకి మారుతుంది. తెల్లబడతామని నెలల తరబడి ముఖానికి రాసుకుంటే చర్మం పలుచబడి, ఎర్రబడి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానేస్తే మంట తిరగబడుతుంది.

ఈ బెడద చూసే 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్‌ పూతమందులను డాక్టర్‌ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్‌ హెచ్‌ కిందికి తెచ్చింది. రేపు భూపాలపల్లిలోనో, తొర్రూరులోనో మీరు ఫార్మసిస్ట్‌గా కౌంటర్‌ వెనక నిలబడితే ఈ సిగ్నలింగ్‌ పాఠం మీకు రోజూ పనికొస్తుంది. మెథోట్రెక్సేట్‌ చర్మ జబ్బులకు వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఒక్క ముక్క పేషెంటుకు విడమరిచి చెప్పడం కూడా ఈ చదువులో భాగమే.

హైదరాబాద్‌లో ఎవరేం చేస్తున్నారు?

ఇప్పుడు పై సిగ్నళ్లను కంపెనీలతో కలిపి చూడండి. ఐఎల్‌-17ను అడ్డుకునే సెకుకినుమాబ్‌ నోవార్టిస్‌ది, ఇక్సెకిజుమాబ్‌ ఇలై లిల్లీది. ఎగ్జిమాలో ఐఎల్‌-4, ఐఎల్‌-13 సిగ్నల్‌ను ఆపే డుపిలుమాబ్‌ను శనోఫీ, రీజెనెరాన్‌ కలిసి తెచ్చాయి. సోరియాసిస్‌కు టైక్‌2 మీద పనిచేసే డ్యూక్రవాసిటినిబ్‌ బ్రిస్టల్‌ మయర్స్‌ స్క్విబ్‌ది. అప్రెమిలాస్ట్‌ ఆమ్జెన్‌ చేతిలో ఉంది. ఈ ఐదు కంపెనీలకూ.. నోవార్టిస్‌, లిల్లీ, శనోఫీ, బ్రిస్టల్‌ మయర్స్‌, ఆమ్జెన్‌.. హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. బ్రిస్టల్‌ మయర్స్‌ 2024లో, ఆమ్జెన్‌, లిల్లీ 2025లో ఇక్కడ తలుపులు తెరిచాయి.

ఒక మాట ముందే తెలుసుకోండి. ఈ సెంటర్లలో టెస్ట్‌ట్యూబులతో చేసే పని తక్కువ. క్లినికల్‌ ట్రయల్స్‌ డేటా, స్టాటిస్టిక్స్‌, మందుల భద్రత, రెగ్యులేటరీ పత్రాలు, మెడికల్‌ రైటింగ్‌, ఐటీ పనులు ఎక్కువ. ల్యాబ్‌ పని కావాలంటే అరాజెన్‌, సాయి లైఫ్‌ సైన్సెస్‌, ఆరిజీన్‌, సింజీన్‌ లాంటి కాంట్రాక్ట్‌ రీసెర్చ్‌ సంస్థల వైపు, జీనోమ్‌ వ్యాలీ వైపు చూడాలి. సొంత మందులు చేసేవాళ్లూ ఉన్నారు. కొవిడ్‌ రెండో వేవ్‌లో, 2021లో, బారిసిటినిబ్‌ తయారీకి లిల్లీ నుంచి లైసెన్స్‌ పొందిన వాటిలో హైదరాబాద్‌ కంపెనీలు నాట్కో, డాక్టర్‌ రెడ్డీస్‌, ఎంఎస్‌ఎన్‌ ఉన్నాయి. బెంగళూరు కంపెనీ బయోకాన్‌ 2013లోనే టీ-కణాల మీదుండే సీడీ6ను పట్టుకునే ఇటోలిజుమాబ్‌ను సోరియాసిస్‌ కోసం మన దేశంలో విడుదల చేసింది.

పరిశోధన మీద మనసుంటే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ యానిమల్‌ బయోటెక్నాలజీ, హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీ ఉన్నాయి. ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు వాటి వెబ్‌సైట్లలోనే వస్తాయి.

మీ డిగ్రీకి ఏ దారి?

బీఎస్సీ (బీజెడ్‌సీ, మైక్రోబయాలజీ, బయోటెక్‌): ల్యాబ్‌ రీసెర్చ్‌ ఉద్యోగాలకు ఎక్కువగా ఎమ్మెస్సీ అడుగుతారు. కాకతీయ, ఉస్మానియా సహా రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీట్లకు సీపీగెట్‌ రాయాలి. సెంట్రల్‌ యూనివర్సిటీలకు సీయూఈటీ-పీజీ, బయోటెక్‌ ఎమ్మెస్సీకి గాట్‌-బి, ఐఐటీలకు జామ్‌ ఉన్నాయి. పీజీ తర్వాత పెద్ద మెట్టు సీఎస్‌ఐఆర్‌-యూజీసీ నెట్‌. లైఫ్‌ సైన్సెస్‌ సిలబస్‌లో నాలుగో యూనిట్‌ తెరిచి చూడండి. సెల్‌ సిగ్నలింగ్‌, ఇమ్యునాలజీ రెండూ అందులోనే ఉన్నాయి. 200 మార్కుల పేపర్‌లో 100 మార్కులు పార్ట్‌-సి వే, అక్కడ బట్టీ పనిచేయదు. జేఆర్‌ఎఫ్‌ వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్‌, పైగా హెచ్‌ఆర్‌ఏ.

బీఫార్మసీ, ఫార్మ్‌డీ: బీఫార్మసీ వాళ్లు జీప్యాట్‌తో ఎంఫార్మసీకి, నైపర్‌-జేఈఈతో బాలానగర్‌లోని నైపర్‌ హైదరాబాద్‌కు వెళ్లొచ్చు. ఫార్మకోవిజిలెన్స్‌ మీకు దగ్గరి దారి. జాక్‌ ఇన్‌హిబిటర్ల మీద గుండె జబ్బులు, రక్తం గడ్డలు, క్యాన్సర్‌ ముప్పు గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2021లో గట్టి హెచ్చరిక పెట్టించింది. మందు మార్కెట్లోకి వచ్చాక కూడా ఇలాంటివి గమనిస్తూ ఉండటమే ఈ ఉద్యోగం. ఒక సిగ్నల్‌ను ఆపితే ఇంకెక్కడ తేడా వస్తుందో ఊహించగలిగేవాళ్లు ఇందులో ముందుకెళ్తారు.

ఎంఎల్‌టీ, డీఎంఎల్‌టీ: మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్‌ కాలేజీలు మొదలయ్యాయి. మెడికల్‌ కాలేజీ ఉన్నచోట ల్యాబులు ఉంటాయి. ప్రభుత్వ ల్యాబ్‌ టెక్నీషియన్‌ పోస్టులకు మెడికల్‌ అండ్‌ హెల్త్‌ సర్వీసెస్‌ రిక్రూట్‌మెంట్‌ బోర్డు ప్రకటనలు చూస్తుండండి. పారామెడికల్‌ బోర్డు రిజిస్ట్రేషన్‌ ముందే చేయించుకోండి.

మ్యాథ్స్‌, స్టాటిస్టిక్స్‌, కంప్యూటర్స్‌: క్లినికల్‌ డేటా మీ మైదానం. సోరియాసిస్‌ ట్రయల్స్‌లో జబ్బు తీవ్రతను 0 నుంచి 72 వరకు ఉండే పాసీ స్కోర్‌తో కొలుస్తారు. ‘పాసీ-90’ అంటే స్కోర్‌ 90 శాతం తగ్గిందని అర్థం. ఆర్‌, శాస్‌లలో ఒకటి నేర్చుకుని ఇలాంటి కొలమానాలు అర్థం చేసుకుంటే, వట్టి కోడింగ్‌ తెలిసినవాళ్ల కంటే ఒక అడుగు ముందుంటారు.

చేతికి రావాల్సిన పనులు

కణాల కల్చర్‌, ఎలైసా, వెస్టర్న్‌ బ్లాట్‌, క్యూపీసీఆర్‌, ఫ్లో సైటోమెట్రీ.. ల్యాబ్‌ ఉద్యోగాల ప్రకటనల్లో తరచూ కనిపించే మాటలివి. విడివిడిగా బట్టీ పడితే గుర్తుండవు. ఒక ప్రయోగం చుట్టూ అల్లుకోండి. చర్మ పరిశోధనలో ఎక్కువగా వాడే కెరటినోసైట్‌ లైన్‌ పేరు హకాట్‌. ఈ కణాలకు ఇంటర్‌ఫెరాన్‌-గామా ఇచ్చామనుకుందాం. స్టాట్‌1కు ఫాస్ఫేట్‌ తగిలిందో లేదో వెస్టర్న్‌ బ్లాట్‌లో తెలుస్తుంది. జన్యువు ఆన్‌ అయ్యిందో లేదో క్యూపీసీఆర్‌ చెబుతుంది. కీమోకైన్‌ బయటికి వచ్చిందో లేదో ఎలైసా చెబుతుంది. ముందుగా జాక్‌ ఇన్‌హిబిటర్‌ వేస్తే ఈ మూడూ తగ్గాలి. ఇంటర్వ్యూలో ‘ఎలైసా అంటే ఏంటి?’ అని అడిగినప్పుడు నిర్వచనం చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ‘ఫలానా ప్రశ్నకు జవాబు కోసం వాడతాను సార్‌’ అని చెప్పేవాళ్లు కొద్దిమందే.

కాలేజీలో ఈ పరికరాలు లేవని దిగులొద్దు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు సమయంలో పెద్ద సంస్థలో చేసే అవకాశం కోసం ఆరు నెలల ముందే మెయిళ్లు పెట్టండి. ఆ ల్యాబ్‌ ప్రచురించిన ఒక పేపర్‌ చదివి, అందులోని ఒక విషయం మీద రెండు వాక్యాలు రాస్తే మీ మెయిల్‌ వేరుగా కనిపిస్తుంది.

డబ్బు కట్టే ముందు ఆగండి

‘మూడు నెలల కోర్సు, వంద శాతం ఉద్యోగం’ అనే ఫ్లెక్సీలు చూసి పత్తి అమ్మిన డబ్బులో, బంగారం కుదవపెట్టిన డబ్బులో తెచ్చి కట్టేవాళ్లున్నారు. కట్టే ముందు మూడు ప్రశ్నలు వేయండి. గత బ్యాచ్‌లో ఉద్యోగం వచ్చినవాళ్లతో మాట్లాడిస్తారా? ఏ కంపెనీ, ఏ పోస్టు అని రాతపూర్వకంగా ఇస్తారా? ఫీజు విడతల్లో తీసుకుంటారా? మూడింటికీ నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి. ఉద్యోగం ఇస్తామని ముందే డబ్బు అడిగితే అది మోసమే అనుకోండి. స్వయం, ఎన్‌పీటెల్‌లలో ఇమ్యునాలజీ, సెల్‌ బయాలజీ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. సర్టిఫికెట్‌ పరీక్షకు మాత్రం ఫీజు ఉంటుంది.

నెల రోజుల పని

మొదటి వారం: సోరియాసిస్‌లో ఐఎల్‌-23 నుంచి పొలుసుల దాకా దారిని ఒక తెల్లకాగితం మీద బొమ్మగా వేయండి.

రెండో వారం: అదే కాగితం మీద ఏ మందు ఏ చోట అడ్డుపడుతుందో ఎర్ర పెన్నుతో గీయండి. డ్యూక్రవాసిటినిబ్‌ ఏటీపీ చోటును వదిలి టైక్‌2లోని మరో భాగానికి అతుక్కుంటుంది. ఎందుకలా చేశారో వెతకండి. ఒక జాక్‌ను వదలకుండా పట్టుకుని మిగతావాటిని ముట్టుకోకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

మూడో వారం: నెట్‌ పాత ప్రశ్నపత్రాల్లో నాలుగో యూనిట్‌ ప్రశ్నలు మాత్రమే చేయండి.

నాలుగో వారం: మీ బొమ్మను ఇంట్లో అమ్మకో నాయినకో తెలుగులో వివరించండి. వాళ్లకు అర్థమైందంటే ఇంటర్వ్యూ బోర్డుకూ అర్థమవుతుంది. ఆ పని మీదే ఇంట్లో వాడుతున్న దురద ట్యూబు తీసి, దాని మీద స్టెరాయిడ్‌ పేరుందేమో చదవండి. క్లోబెటసాల్‌, బెక్లోమెథసోన్‌, మొమెటసోన్‌ అని ఉంటే, డాక్టర్‌ రాయకుండా తెచ్చుకున్నదైతే, ఆ మనిషిని జిల్లా ఆసుపత్రిలోనో, వరంగల్‌ ఎంజీఎంలోనో చర్మ వైద్యులకు చూపించండి. ఎక్కువ రోజులుగా రాస్తుంటే ఎలా మానాలో కూడా వాళ్లనే అడగండి. చేనులో వయ్యారిభామ పీకేటప్పుడు చేతులకు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ ఉండేలా చూడండి. పూత రాకముందే పీకేయమని చెప్పండి.